ట్రాక్టరు లోడరు ఇంజను వేడెక్కడం

ట్రాక్టరు లోడరు అనగా ముందు భాగాన రెండు చేతులు, వాటి చివర ఒక బకెట్టు అమర్చి మట్టిని, ఇసుకను, కంకరను, పెంటను ఎత్తిపోయడానికి వాడే ట్రాక్టరు. వెనుక వైపు తవ్వే చేయి కూడా ఉన్నదానిని బ్యాక్‌హో లోడరు అంటారు. బ్రిటనుకు చెందిన జేసీబీ సంస్థ తన తొలి బ్యాక్‌హో లోడరును 1953లో తయారు చేసింది. ఆ సంస్థ యంత్రాల తయారీ భారతదేశంలో 1979లో మొదలయింది. తెలుగునాట ఏ సంస్థ చేసిన బ్యాక్‌హో లోడరునైనా జేసీబీ అనే పిలవడం వాడుక. ఇటువంటి యంత్రాలు పాతబడినపుడు తరచుగా కనిపించే ఇబ్బంది ఇంజను అతిగా వేడెక్కడం. ఇది జ్వరం వంటిది. కారణాలు చాలా ఉన్నా పైకి కనిపించే లక్షణం ఒక్కటే. సరిగా నిర్ధారించకపోతే ఊక అడ్డుపడిన రేడియేటరుకు హెడ్ విప్పించడం, పగిలిన హెడ్‌కు కొత్త రేడియేటరు కొనడం జరుగుతుంది. నిర్లక్ష్యం చేస్తే హెడ్ వంకరపోవడం, గ్యాస్కెట్ కాలిపోవడం, చివరకు పిస్టన్లు లైనర్లకు పట్టేసి ఇంజను సీజ్ కావడం వరకు వెళ్తుంది.

వేడి పుట్టుక, తొలగింపు

డీజిలు ఇంజనులో మండిన ఇంధనపు శక్తిలో సుమారు మూడో వంతు మాత్రమే పనిగా మారుతుంది. మరో మూడో వంతు పొగగొట్టం ద్వారా పోతుంది. మిగిలినదానిలో ఎక్కువ భాగాన్ని సిలిండర్ల చుట్టూ తిరిగే నీరు తీసుకుని రేడియేటరులో గాలికి అప్పగిస్తుంది. ఈ నీటిని పంపు తిప్పుతుంది. ఇంజను చల్లగా ఉన్నంతసేపు థర్మోస్టాట్ మూసుకుని ఉండి నీటిని రేడియేటరుకు పోనివ్వదు. అనేక పాత ఇంజనులలో ఇది 82 డిగ్రీల సెల్సియస్ దగ్గర తెరుచుకోవడం మొదలవుతుంది. ఇంకా పాత ట్రాక్టర్లలో, ఉదాహరణకు 1917లో వచ్చిన ఫోర్డ్‌సన్ మోడల్ ఎఫ్‌లో, పంపే ఉండేది కాదు. వేడి నీరు తేలికయి పైకి లేవడం, చల్లని నీరు కిందికి దిగడం అనే సహజ గుణం మీదనే అవి నడిచాయి.

రేడియేటరు మూత కూడా ఈ వ్యవస్థలో ఒక భాగమే. చదరపు అంగుళానికి 7 పౌండ్ల ఒత్తిడిని ఆపే మూత ఉన్నపుడు మామూలు నీరు 100 డిగ్రీలకు బదులు సుమారు 111 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూతలోని రబ్బరు చెడితే 102 డిగ్రీలకే నీరు పొంగి బయటకు పోతుంది. ఇంజనులో ఏ లోపమూ లేకున్నా వేడెక్కినట్లు కనిపించడానికి ఇది చాలు. మూత ధర తక్కువ కాబట్టి దీనిని ముందుగా పరీక్షించడం మంచిది.

లోడరులోని ప్రత్యేకత

దుక్కి దున్నే ట్రాక్టరుకు, లోడరుకు పనిలో తేడా ఉంది. లోడరు తాను లేపిన దుమ్ములోనే తాను పనిచేస్తుంది. ముందుకు సాగే వేగం తక్కువ, ఇంజను మీద బరువు ఎక్కువ. ఎత్తిన బకెట్టు కొన్నిసార్లు రేడియేటరుకు గాలి అందకుండా అడ్డుపడుతుంది కూడా. దానికి తోడు అనేక లోడర్లలో క్లచ్చికి బదులు టార్క్ కన్వర్టరు ఉంటుంది. బకెట్టును మట్టి గుట్టలోకి నెడుతూ చక్రాలు కదలకుండా ఆగిపోయిన క్షణంలో కన్వర్టరుకు చేరిన శక్తి అంతా అందులోని నూనెను వేడి చేయడానికే పోతుంది. ఆ నూనెను చల్లార్చే కూలరును చాలా యంత్రాలలో రేడియేటరుకు ముందు గానీ, దాని కింది తొట్టిలో గానీ అమరుస్తారు. కనుక నూనె వేడెక్కితే ఆ వేడి కూడా రేడియేటరు మీదనే పడుతుంది. హైడ్రాలిక్ లివరు పూర్తిగా మధ్యకు రాకుండా ఉండిపోయినా ఇదే జరుగుతుంది. పంపు నూనెను రిలీఫ్ వాల్వు గుండా ఎడతెగక నెడుతూనే ఉంటుంది, ఏ పనీ చేయకున్నా ఇంజను బరువు లాగుతున్నట్లు మూలుగుతుంది.

కూలరుకు, రేడియేటరుకు మధ్య ఉన్న సందు మెకానిక్కులు తరచుగా మరచిపోయే చోటు. ముందు నుంచి చూస్తే కూలరు రేకులు శుభ్రంగానే ఉంటాయి. వెనుక మాత్రం పొట్టు, గడ్డి నలుసులు, ఇంజను నుంచి చిందిన నూనె కలిసి మందపాటి కంబళిలా పేరుకుని ఉంటాయి. కూలరును విప్పి పక్కకు జరిపితే తప్ప ఇది కనబడదు. శుభ్రం చేసేటపుడు గాలిని గానీ నీటిని గానీ ఫ్యాను వైపు నుంచి ముందుకు కొట్టాలి. ముందు నుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి దిగుతుంది. నీటి ధార మరీ బలంగా ఉంటే పలుచని రేకులు వంగి దారులు మూసుకుపోతాయి.

నిజంగా వేడెక్కిందా?

విడిభాగాలు కొనేముందు మీటరు చెబుతున్నది నిజమా కాదా అని తేల్చుకోవాలి. విద్యుత్ మీటరు ఉన్న ట్రాక్టర్లలో సెండరు నుంచి వచ్చే తీగ ఒరుసుకుని ఇనుప భాగానికి తగిలితే సాధారణంగా ముల్లు పూర్తిగా వేడి వైపుకు పోతుంది. అందుకు విరుద్ధమైన పరిస్థితి మరింత ప్రమాదకరం. నీరు బాగా తగ్గిపోయి సెండరు చుట్టూ గాలి మాత్రమే మిగిలినపుడు ఇంజను ఉడుకుతున్నా ముల్లు మామూలు చోటనే ఉండవచ్చు. పరారుణ ఉష్ణమాపకంతో థర్మోస్టాట్ గది మీద, రేడియేటరు పై తొట్టి మీద కొలిచి మీటరుతో పోల్చవచ్చు. మెరిసే లోహం మీద ఈ పరికరం తప్పు చూపుతుంది కనుక నల్లరంగు వేసిన చోట కొలవాలి. అదే పరికరాన్ని రేడియేటరు ముఖం మీద అడ్డంగా నడిపిస్తే లోపల పూడుకుపోయిన గొట్టాలున్న భాగం చుట్టుపక్కల కంటే చల్లగా తేలుతుంది.

వేడిగా ఉన్న రేడియేటరు మూతను ఎట్టి పరిస్థితిలోనూ తెరవరాదు. ఒత్తిడి పోగానే లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదకు చిమ్ముతుంది. పై హోస్ పైపును చేత్తో నొక్కగలిగేంత చల్లారిన తరువాతే మూత తీయాలి.

కారణాన్ని వెదికే తీరు

ఎప్పుడు వేడెక్కుతున్నదనేదే మొదటి ఆధారం. స్టార్టు చేసిన కొద్ది నిమిషాలకే అయితే థర్మోస్టాట్ తెరుచుకోకపోవడం, పంపు పనిచేయకపోవడం, హెడ్ గ్యాస్కెట్ పోవడం వంటివి అనుమానించాలి. గంటసేపు బరువు పని చేశాకనే అయితే రేడియేటరు సామర్థ్యం తగ్గిందని అర్థం. రోడ్డు మీద బాగుండి గుట్ట దగ్గర మాత్రమే వేడెక్కితే గాలి ప్రవాహాన్ని, కన్వర్టరు నూనెను చూడాలి.

ఫ్యాను బెల్టును బొటనవేలితో నొక్కితే సుమారు 10 నుంచి 15 మిల్లీమీటర్లు వంగాలి. నున్నగా మెరిసే బెల్టు బిగుతుగా ఉన్నా జారుతుంది. ఫ్యానును విప్పి బిగించేటపుడు తలకిందులుగా పెట్టడం వింతగా తోచినా జరిగే పొరపాటే. అపుడు అది గాలిని ఉండవలసినంత లాగదు. ఫ్యాను చుట్టూ ఉండే రేకు తొడుగును అడ్డంగా ఉందని తీసేస్తే ఫ్యాను తాను వదిలిన వేడి గాలినే మళ్ళీ తిప్పుకుంటుంది.

కింది హోస్ పైపు పంపు పీల్చే వైపున ఉంటుంది. లోపలి పొర ఊడినా, మెత్తబడినా ఇంజను వేగం పెంచినపుడు అది చదునుగా అణిగిపోయి నీటిని ఆపుతుంది. ఇంజను ఆపగానే మామూలుగా మారుతుంది కాబట్టి, నడుస్తుండగా చూస్తేనే ఈ లోపం దొరుకుతుంది. థర్మోస్టాట్‌ను పరీక్షించడం సులభం. దాన్ని తీసి నీళ్ళ గిన్నెలో వేలాడదీసి, పక్కన ఉష్ణమాపకం పెట్టి కాచి, ఏ వేడి దగ్గర తెరుచుకుంటున్నదో చూడవచ్చు.

దశాబ్దాలుగా బోరు నీరు పోసిన ఇంజనులలో సున్నపు పొర, తుప్పు పేరుకుంటాయి. తెలంగాణలో, రాయలసీమలో అనేక చోట్ల భూగర్భ జలం కఠినమైనది కనుక ఇక్కడి యంత్రాలకు ఈ బెడద ఉంది. ఇంజను బ్లాకు పక్కన ఉన్న డ్రెయిన్ ప్లగ్గును విప్పినపుడు చుక్క కూడా రాకపోతే లోపల మడ్డి గట్టిపడిందని తెలుసుకోవాలి. ఆ మడ్డి చుట్టుకున్న సిలిండరు కొత్త రేడియేటరు వేసినా చల్లబడదు.

నీటి వైపు అంతా బాగుంటే ఇంధనం వైపు చూడాలి. ఇంజెక్షను ఆలస్యంగా జరిగితే మంట చివరిదాకా సాగి సిలిండరు గోడలను వేడెక్కిస్తుంది. నల్లని పొగ వస్తే ఇంధనం ఎక్కువయిందని గానీ, గాలి ఫిల్టరు మూసుకుందని గానీ గుర్తు. పట్టేసిన బ్రేకులు కూడా ఇంజనుకు తెలియని బరువును మోయిస్తాయి.

హెడ్ గ్యాస్కెట్ లోపం

చల్లని ఇంజను మూత తీసి స్టార్టు చేయగానే రేడియేటరులో బుడగలు ఆగకుండా వస్తుంటే మండిన వాయువు నీటిలోకి చేరుతున్నదని భావించాలి. నీరు వేడెక్కక ముందే హోస్ పైపులు గట్టిపడటం, ఇంజను నూనె పాలు కలిసిన కాఫీలా మారడం, నీటి మట్టం కారణం లేకుండా తగ్గడం మిగిలిన గుర్తులు. నీలి ద్రవంతో చేసే రసాయన పరీక్ష దీనిని నిర్ధారిస్తుంది. మండిన వాయువు తగిలితే ఆ ద్రవం పసుపు వైపుకు మారుతుంది. గ్యాస్కెట్ మార్చేటపుడు హెడ్ సమతలంగా ఉన్నదో లేదో సరిచూడకపోతే కొత్తది కూడా ఎంతోకాలం నిలవదు.

పొరపాటు మరమ్మతులు

థర్మోస్టాట్‌ను పూర్తిగా తీసివేయడం చాలా చోట్ల చేసే పని. బైపాస్ దారిని కూడా థర్మోస్టాటే మూసే రకపు ఇంజనులలో దీనివల్ల కీడే జరుగుతుంది. తెరిచి ఉండిపోయిన బైపాస్ గుండా కొంత నీరు రేడియేటరుకు వెళ్ళకుండానే తిరిగి ఇంజనులోకి వస్తుంది. తేలికపాటి పనిలో మాత్రం ఇంజను ఎప్పుడూ చల్లగానే నడిచి త్వరగా అరుగుతుంది. మరుగుతున్న ఇంజనులో చన్నీళ్ళు పోస్తే ఇనుప హెడ్ పగలవచ్చు. ముల్లు పైకి పోతున్నపుడు బకెట్టు దించి, బరువు తీసి, కొన్ని నిమిషాలు నెమ్మదిగా నడవనిచ్చి ఆపడం మేలు. నీరు కారిపోయినా, బెల్టు తెగినా మాత్రం వెంటనే ఆపాలి.

ఇథిలీన్ గ్లైకాల్, నీరు సమపాళ్ళలో కలిపిన కూలెంటు తుప్పును అడ్డుకుంటుంది, మరిగే స్థానాన్ని కూడా పెంచుతుంది. ఈ ద్రవం తియ్యగా ఉంటుంది కానీ విషం. పారబోసిన చోట పశువులు, కుక్కలు తాగి చనిపోయే ప్రమాదం ఉంది కాబట్టి తీసిన పాత కూలెంటును మూత ఉన్న డబ్బాలోకి పట్టాలి.