ఎమ్మెస్సీ మ్యాథ్స్: ఏది ముందు, ఏది తర్వాత?



పామిడిలో బస్సెక్కితే అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయానికి చేరడం తేలికే. అక్కడ ఏ సబ్జెక్టు ముందు చదవాలో తేల్చుకోవడమే కష్టం. మనలో చాలామంది ఇళ్లలో డిగ్రీ చదివినవాళ్లు మనకంటే ముందు లేరు. అమ్మానాన్నలకు శెనక్కాయ పంట సంగతి తెలుసు, టోపాలజీ సంగతి తెలియదు. అందుకే మాకు తెలిసినంతవరకు ఇక్కడ రాస్తున్నాం.

చాలా పేపర్ల క్రమాన్ని యూనివర్సిటీయే నిర్ణయిస్తుంది. అయితే ఎలక్టివ్ ఎంచుకోవడం, సెలవుల్లో ముందుగా ఏది చదువుకోవాలన్నది మన చేతిలోనే ఉంటాయి. బట్టలు కుట్టేవాళ్లు కొలత తీసుకున్నాకే కత్తెర పడతారు. ఇక్కడా అంతే.

1. రియల్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా: ఈ రెండూ కలిపి మొదట చదవాలి. మిగతావన్నీ వీటి మీదే నిలబడతాయి. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్‌లో సమీకరణాల వ్యవస్థను సాధించాలన్నా మాత్రికల ఐగన్ విలువలు కావాలి.

2. మెట్రిక్ స్పేసెస్, ఆ తర్వాత టోపాలజీ: సంఖ్యారేఖ మీద 3కు, 7కు మధ్య దూరం 4. ఈ దూరమనే భావాన్ని 1906లో ఫ్రెషే ఏ సమితికైనా వర్తించేలా నిర్వచించాడు. 1914లో హౌస్‌డార్ఫ్ దూరంతో పని లేకుండా, సామీప్యాలతోనే టోపాలజీని నిర్మించాడు. చరిత్ర నడిచిన దారిలోనే చదివితే మనకూ సులువు.

3. ఆల్జీబ్రా: సమూహాలు, వలయాలు, ఫీల్డులు, చివర గాల్వా సిద్ధాంతం. అకరణీయ సంఖ్యలకు రూట్ 2ను చేర్చగా వచ్చే ఫీల్డు, వాటి మీద 2 పరిమాణాల సదిశాంతరాళం. ఇక్కడా లీనియర్ ఆల్జీబ్రాయే ఆధారం.

4. ఫంక్షనల్ అనాలిసిస్: దీన్ని చివరికి ఉంచండి. 0 నుంచి 1 వరకు ఎక్స్ పవర్ 100 గరిష్ఠ విలువ 1. అవకలనం చేస్తే గరిష్ఠ విలువ 100 అవుతుంది. ఘాతం పెంచేకొద్దీ ఇది హద్దు లేకుండా పెరుగుతుంది. పరిమిత పరిమాణాల్లో ప్రతి లీనియర్ మ్యాప్ అవిచ్ఛిన్నమే. ఇక్కడ ఆ నియమం చెల్లదు. ఎందుకు చెల్లదో తెలియాలంటే మొదటి మెట్టులోని రెండు సబ్జెక్టులూ రావాలి. మెజర్ థియరీ కూడా ముందే చదివితే మంచిది.

సీఎస్ఐఆర్ నెట్ 200 మార్కుల పరీక్ష. సిలబస్‌లో మొదటి యూనిట్టే అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా. పార్ట్ సి ఒక్కదానికే 95 మార్కులు. అందులో ఒక ప్రశ్నకు ఒకటికంటే ఎక్కువ సరైన జవాబులు ఉండవచ్చు, అన్నీ గుర్తిస్తేనే మార్కులు. బట్టీ పట్టిన సిద్ధాంతం అక్కడ పనికిరాదు. జేఆర్ఎఫ్ వస్తే పరిశోధనకు నెలనెలా ఫెలోషిప్ అందుతుంది, ఇంటిని డబ్బు అడగనక్కరలేదు.

ఎలక్టివ్ తీసుకునేముందు ఆ పుస్తకంలో మొదటి పది పేజీలు చదవండి. అర్థంకాని మాటలు రాసుకుని, ఒక్కొక్కటీ ఏ సబ్జెక్టుదో చూడండి. ఎక్కువ మాటలు ఏ సబ్జెక్టువైతే దాన్నే ముందు చదవాలి. "మార్కులు బాగా వస్తాయి" అన్న ఒక్క మాట విని ఎంచుకోవద్దు.

తెలుగు మీడియం వాళ్లు భయపడనక్కరలేదు. తెలుగు అకాడమీ డిగ్రీ పుస్తకాలు అమ్మేయకండి. నిర్వచనం ముందు తెలుగులో అర్థం చేసుకుని, తర్వాత ఇంగ్లీషులో రాసి చూడండి.

సెలవులకు మేము ఊరికి వచ్చినప్పుడు సందేహాలుంటే మొహమాటపడకుండా అడగండి తమ్ముళ్లూ. వచ్చే ఏడాది ఈ పేజీలో మీరు రాయాలని మా కోరిక.