ప్రెషర్ స్విచ్‌ను మోటారు స్టార్టర్‌కు కలపడం

టైర్ల దుకాణంలో కంప్రెసర్ దానంతటదే ఆగడం, మళ్లీ తిరగడం మీరు చూసే ఉంటారు. ఉదాహరణకు, ట్యాంకులో పీడనం 8 బార్‌కు చేరగానే ప్రెషర్ స్విచ్ కాంటాక్టు తెరుచుకుంటుంది. 6 బార్‌కు తగ్గితే మూసుకుంటుంది. స్టార్టర్ ఉన్న త్రీఫేజ్ మోటారులో ఈ స్విచ్ గుండా మోటారు కరెంటు పోనక్కరలేదు. కాంటాక్టర్ కాయిల్‌కు వెళ్లే కంట్రోల్ వలయంలో, ఓవర్‌లోడ్ రిలే 95-96 కాంటాక్టుతో శ్రేణిలో దీన్ని కలపాలి.

విద్యార్థులు పొరబడేది ఇక్కడే. పుష్‌బటన్ స్టార్టర్‌లో స్టార్ట్ బటన్ వదిలాక కాయిల్‌కు కరెంటు అందించేది హోల్డింగ్ కాంటాక్టు. ప్రెషర్ స్విచ్ తెరుచుకోగానే కాయిల్‌తోపాటు అదీ విడిపోతుంది. తరువాత పీడనం తగ్గి స్విచ్ మూసుకున్నా మోటారు తిరగదు. స్విచ్ పాడైందనుకొని దాన్ని విప్పి కూర్చున్నవారిని ప్రయోగశాలలో చాలామందిని చూశాను. దానిలో లోపమేమీ ఉండదు. స్టార్ట్ బటన్, హోల్డింగ్ కాంటాక్టులకు బదులు అదే వలయంలో ఆన్-ఆఫ్ సెలెక్టర్ స్విచ్ పెడితే సరిపోతుంది.

అయితే ఈ అమరికలో కరెంటు పోయి వచ్చినప్పుడు కూడా మోటారు హఠాత్తుగా తిరుగుతుంది. అందువల్ల బెల్టు గార్డు విప్పేముందు ఐసొలేటర్ ఆపి తాళం వేయండి. ఓవర్‌లోడ్ రిలే రీసెట్‌ను మాన్యువల్‌లోనే ఉంచండి. ఆటోలో ఉంటే ట్రిప్ అయిన మోటారు, రిలే చల్లారగానే మళ్లీ బయలుదేరుతుంది.