సోడాబుడ్డిలో వైద్యసూత్రం

పిల్లలూ! సోడాబుడ్డిలో గోలీ నొక్కగానే బుస్సుమని నురుగు పొంగుతుంది కదా! నీటిలో వాయువును ఒత్తిడితో కరిగించి ఉంచటంవల్లనే అలా పొంగుతుంది. ఈ సూత్రమే వైద్యానికీ పనికివచ్చింది.

మన రక్తంలో ప్రాణవాయువును మోసేవి ముఖ్యంగా ఎర్రకణాలు. రక్తంలోని ద్రవంలో కరిగేది బహు స్వల్పం. ఒత్తిడి పెంచి, ఆ ద్రవంలోనే ఎక్కువ వాయువును కరిగిస్తే? హాలెండులో బూరెమా అనే శస్త్రవైద్యుడు పందిపిల్లల రక్తంలోని ఎర్రకణాలను దాదాపు పూర్తిగా తీసివేసి, మామూలు గాలికి 3 రెట్ల ఒత్తిడిగల గదిలో ప్రాణవాయువు పీల్పించాడు. అవి బతికే ఉన్నాయి! మళ్లీ రక్తం ఎక్కించగా కోలుకున్నాయి. ఈ వింతను ఆయన 1960లో ప్రకటించాడు.

మధుమేహం ఉన్న కొందరికి పాదాలకు రక్తం చాలినంత అందదు, పుండ్లు మానవు. అటువంటి కొన్ని పుండ్లకు ఈనాడు వైద్యులు మామూలు చికిత్సతోపాటు ఇటువంటి గదినికూడా వాడుతున్నారు. వచ్చే రక్తం కొంచెమే అయినా, అందులో ప్రాణవాయువు నిండుగా ఉంటుంది. అసలు రక్తమే చేరని చోట మాత్రం ఈ గది ఏమీ చేయలేదు.

కనుక ఆలస్యం కూడదు. మీ తాతయ్యకు మధుమేహం ఉన్నదా? రోజూ ఆయన పాదాలు చూడండి. చిన్న పుండు కనిపించినా వెంటనే వైద్యునికి చూపించమనండి.