మృదు పదార్థాలకు లెక్క చెప్పిన ద జెన్

రబ్బరు, జిగురు, సబ్బు నురుగు, సిరా, గడియారంలో అంకెలు చూపే ద్రవ స్ఫటికం వంటివి ఉక్కులా గట్టిగా నిలవవు, నీటిలా ధారాళంగా పారవు. ఇలా నడిమి గుణాలు కలిగి, కొద్దిపాటి ఒత్తిడికో, వేడికో, చిటికెడు మరో పదార్థం కలిపినంత మాత్రానికో స్వభావాన్నే మార్చుకొనే వాటిని మృదు పదార్థాలంటారు. వీటికి భౌతికశాస్త్రంలో సముచిత స్థానం కల్పించిన వారిలో అగ్రగణ్యుడు ఫ్రెంచి శాస్త్రవేత్త పియెర్-జిల్ ద జెన్.

1932 అక్టోబరు 24న పారిస్‌లో జన్మించిన ఆయన, సాక్లే అణుపరిశోధన కేంద్రంలో అయస్కాంత పదార్థాలను తాకిన న్యూట్రాన్లు చెదిరే తీరును పరిశీలించి 1957లో డాక్టరేట్ పొందారు. 1961లో ఓర్సేకు చేరి, విద్యుత్తును నిరోధం లేకుండా ప్రవహింపజేసే అతివాహకాలపైనా, 1968 నుంచి ద్రవ స్ఫటికాలపైనా పనిచేసి, 1971లో కాలేజ్ ద ఫ్రాన్స్‌లో ఆచార్యులయ్యాక పాలిమర్ల వైపు మళ్ళారు. విషయం మారినా, వెనుకటి విషయంలో సంపాదించిన గణిత సామగ్రిని ఆయన వెంట తెచ్చుకొనేవారు. ఆయన ప్రతిభకు మూలం అక్కడే ఉంది.

పాలిమర్ అంటే చిన్న అణువులు వేలకొద్దీ ఒకదానికొకటి తగులుకొని ఏర్పడిన పొడవాటి గొలుసు. తగిన ద్రావకంలో అది నూలు చిక్కులా ఉండగా ముడుచుకుంటుంది. అయితే గొలుసులోని రెండు లంకెలు ఒకే చోట ఉండలేవు కనుక ఆ ఉండ కొంత ఉబ్బి ఉంటుంది. ఎంత ఉబ్బుతుందో అమెరికా శాస్త్రవేత్త పాల్ ఫ్లోరీ దాదాపు సరిగానే లెక్కించినా, ఆ లెక్కకు గట్టి పునాది కొరవడింది. అయస్కాంతం తన శక్తిని కోల్పోయే ఉష్ణోగ్రత దగ్గర జరిగే మార్పులను వివరించేందుకు కెన్నెత్ విల్సన్ రూపొందించిన పద్ధతిలో, పరమాణువుల సూక్ష్మ అయస్కాంతాలకు ఉండే దిశాంశాల సంఖ్యను సున్నగా తీసుకుంటే సరిగ్గా ఈ గొలుసు లెక్కే వస్తుందని 1972లో ద జెన్ చూపారు. సున్న అంశాల అయస్కాంతం ప్రకృతిలో ఎక్కడా లేదు. లేని వస్తువు సాయంతో ఉన్న వస్తువును వివరించిన ఈ ఊహ ఆ శతాబ్దపు అందమైన ఊహల్లో ఒకటి. గొలుసు పొడవు 10 రెట్లయితే ఉండ వెడల్పు సుమారు 4 రెట్లవుతుంది; పొడవైన గొలుసుల విషయంలో ఈ నిష్పత్తి వాటి రసాయన నిర్మాణంపై ఆధారపడదు.

అంతకు ఏడాది ముందు, 1971లో, ఆయన మరో ప్రశ్నను పట్టుకున్నారు. చుట్టూ అడ్డంకులు కిక్కిరిసిన చోట ఒక గొలుసు ఎలా కదులుతుంది? కట్టెల మోపులో దూరిన పాము పక్కకు మెసలలేక తన ఒంటి పొడవునే జారినట్టు, గొలుసు కూడా తన దారివెంటే ముందుకూ వెనక్కూ పాకుతుందని ఆయన ప్రతిపాదించి, ఆ చలనానికి పాకడమనే అర్థమున్న లాటిన్ మాట నుంచి ‘రెప్టేషన్’ అని పేరు పెట్టారు. గొలుసు పొడవును బట్టి రాపిడి పెరుగుతుంది; దిశ లేని అటూఇటూ చలనంలో పట్టే కాలం దూరపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది; కనుక పొడవు రెట్టింపయితే గొలుసు తన పాత దారి నుంచి బయటపడేందుకు 8 రెట్ల కాలం పడుతుంది. కరిగిన ప్లాస్టిక్ చిక్కదనాన్ని కొలిచిన ప్రయోగాలు 10 రెట్లకు పైగా చూపాయి. గొలుసు కొనలు లోనికీ బయటికీ ముడుచుకుంటూ సాగడం ఈ తేడాకు ముఖ్య కారణమని తర్వాతి పరిశోధకులు వివరించారు. సామ్యూల్ ఎడ్వర్డ్స్, మసావో దోయి 1978లో ఈ భావన ఆధారంగానే కరిగిన పాలిమర్ల ప్రవాహానికి పూర్తి సిద్ధాంతాన్ని నిర్మించారు.

1991లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి ఆయన ఒక్కరికే లభించింది. ‘మృదు పదార్థం’ అన్న తన నోబెల్ ప్రసంగంలో ఆయన అమెజాన్ ఆదివాసులు పాదాలకు రబ్బరు పాలు పూసుకొని తయారుచేసుకున్న తొడుగుల ప్రస్తావన తెచ్చారు. ప్రతి 200 కార్బన్ పరమాణువుల్లో ఒక్కటి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసినంతనే, గొలుసులు అక్కడక్కడా ముడిపడి, పారే పాలు సాగే చెప్పులవుతాయి. దీపపు మసిని నీటిలో అడుగంటనీయకుండా తుమ్మజాతి చెట్ల జిగురు నిలబెట్టే సిరా కూడా ఆయనకు ఇష్టమైన ఉదాహరణే.

బహుమతి వచ్చాక ఆయన ఫ్రాన్సులోని దాదాపు 200 ఉన్నత పాఠశాలలకు వెళ్ళి విద్యార్థులతో ఇవే విషయాలు ముచ్చటించారు. ఆ ప్రసంగాలు 1994లో పుస్తకంగా వెలువడ్డాయి. జీవితపు చివరి ఏళ్ళలో జీవకణాలు ఒకదానికొకటి అంటుకొనే తీరును పరిశీలిస్తూ, 2007 మే 18న ఓర్సేలో కన్నుమూశారు.