దారి చూపిన కుర్రవాడు



చాలా ఏళ్ళ క్రితం ఒకనాడు నేను తరగతిలో పాఠం చెబుతూ, "మాచుపిచ్చు అనే పాడుపడిన పట్టణాన్ని 1911లో హైరామ్ బింగ్‌హామ్ అనే అమెరికా పండితుడు కనిపెట్టాడు" అన్నాను. వెనక బల్లమీద కూర్చున్న ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ! అంత ఎత్తుకొండమీద ఊరున్నదని ఆయనకు ఎవరు చెప్పారు? దారి ఎవరు చూపించారు?" అని అడిగింది.

నాకు జవాబు తెలియదు. "రేపు చెబుతాను, కూర్చో" అన్నాను. ఆ రేపు రావటానికి చాలా కాలం పట్టింది. ఆ అమ్మాయి చదువు ముగించి వెళ్ళిపోయింది. ఆమెకు చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు మీకు చెబుతాను. ఊరికే చెప్పటం ఎందుకు? మనసుతోనే ఆ దేశానికి వెళ్ళి, ఆ కొండదారిన నడుస్తూ చెప్పుకుందాం.

ముందు ప్రపంచపటం తీయండి. దక్షిణ అమెరికా ఖండానికి పడమటి అంచున పైనుంచి కిందిదాకా ఒక పర్వతశ్రేణి కనిపిస్తుంది. అదే ఆండీస్. దాని పొడవు సుమారు 7,000 కిలోమీటర్లు. ఆ శ్రేణిలో పెరూ అనే దేశం ఉన్నది. అక్కడి కుస్కో పట్టణంలో మన ప్రయాణం మొదలవుతుంది. ఒకప్పుడు ఇంకా రాజులకు అది రాజధాని.

కుస్కో సముద్రమట్టానికి సుమారు 3,400 మీటర్ల ఎత్తున ఉన్నది. మన తిరుమల కొండ ఎత్తుకు ఇది దాదాపు నాలుగింతలు! అక్కడ దిగగానే మీకు హుషారుగా పరుగెత్తాలనిపిస్తుంది. కాని పది మెట్లు ఎక్కేసరికి ఆయాసం వస్తుంది. తలనొప్పి కూడా రావచ్చు. ఎందుకంటారా?

దూది బస్తాలు ఒకదానిమీద ఒకటి పేర్చారనుకోండి. అడుగు బస్తా పై బరువుకు అణిగి గట్టిగా ఉంటుంది. అన్నిటికంటె పై బస్తా వదులుగా ఉంటుంది. గాలి కూడా అంతే. సముద్రతీరంలో గాలి మీద గాలి పడి దట్టంగా ఉంటుంది. ఎత్తుకు పోయినకొద్దీ పలచబడుతుంది. కుస్కోలో మీరు ఒకసారి ఊపిరి పీలిస్తే, సముద్రతీరంలో దొరికే ప్రాణవాయువులో మూడింట రెండు వంతులే దొరుకుతుంది. ఆ లోటు తీర్చటానికి ఊపిరి వేగం పెరుగుతుంది, గుండె గబగబా కొట్టుకుంటుంది. కొన్నాళ్ళకు నెత్తురులో ఎర్రకణాలు కూడా పెరుగుతాయి. అందుచేత మన వెంట వచ్చే గైడు, "రెండు రోజులు ఇక్కడే ఉందాం. నీళ్ళు బాగా తాగండి. మెల్లగా నడవండి" అంటాడు. కొండమీద ఎవరికైనా జబ్బు ముదిరితే అసలైన మందు ఒక్కటే, వెంటనే కిందికి దిగటం. అక్కడ మంచి గైడుకు ఉండవలసిన మొదటి గుణం, ఎప్పుడు వెనక్కు తిరగాలో తెలియటం.

మూడోనాడు బయలుదేరుదాం. రైలుమార్గం పక్కన 82వ కిలోమీటరు రాయి దగ్గర మన కాలిబాట మొదలవుతుంది. అక్కడినుంచి మాచుపిచ్చుకు 40 కిలోమీటర్ల పైచిలుకు దూరం. నాలుగు రోజుల నడక. ఇది ఇంకాలు రాళ్ళు పరచి వేసిన బాట. వారికి ఇనుము తెలియదు, బండిచక్రం వాడకం లేదు, గుర్రాలు లేవు. బరువులు మోయటానికి లామా అనే జంతువు ఉండేది. అయినా కొండలమీద, ఎడారులలో 30,000 కిలోమీటర్లకు మించిన బాటలు వేశారు. ఇప్పుడవి ఆరు దేశాలలో ఉన్నాయి. 2014లో ఐక్యరాజ్యసమితికి చెందిన యునెస్కో ఆ బాటలను ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చింది.

ఎవరు పడితే వారు ఈ బాటన పోవటానికి వీలులేదు. ముందుగా అనుమతి పొందాలి. అనుమతి పొందిన గైడు వెంట ఉండాలి. గైడులూ మోతగాళ్ళూ కలిపి రోజుకు 500 మందినే పోనిస్తారు. ఏటా ఫిబ్రవరిలో, వానలు ముమ్మరంగా ఉన్నప్పుడు, బాట మూసివేసి మరమ్మతులు చేస్తారు.

అదుగో, మనల్ని దాటుకుంటూ కొందరు పోతున్నారు చూడండి. వీపున మూటలున్నాయి. వారే మోతగాళ్ళు. చాలామంది చుట్టుపక్కల కొండపల్లెల రైతులు. వారి భాష కెచువా. మనం చేతికర్ర ఊతంగా రొప్పుతూ ఎక్కుతుంటే, వారు మన గుడారాలు, వంటపాత్రలు, బియ్యం, దుంపలు మోసుకుని ముందుగా వెళ్ళి, మనం చేరేసరికి వంట సిద్ధం చేస్తారు. పూర్వం వారిమీద ఎంత బరువు వేయాలన్నదానికి లెక్క ఉండేది కాదు. 2001లో పెరూ ప్రభుత్వం చట్టం చేసింది. దాని ప్రకారం ఒక మోతగాడిమీద 20 కిలోలకు మించి వేయకూడదు. అందుకే బాట మొదట్లోనే కాటా పెట్టి మూటలు తూస్తారు. మీ సంచిలో అక్కరలేనిది ఏమైనా ఉంటే అక్కడే తీసివేయండి. మీరు ఉంచుకున్న ప్రతి వస్తువునూ ఎవరో ఒకరు మోయాలి గదా!

రాత్రి గుడారంలో భోజనం. విస్తట్లో ఏమున్నది? బంగాళాదుంపలు! పేరు చూచి అవి బంగాళా దేశంలో పుట్టాయనుకోవద్దు. వాటి పుట్టినిల్లు ఈ ఆండీస్ కొండలే. వేల ఏళ్ళ క్రితమే ఇక్కడి రైతులు అడవిదుంపలను సాగుకు తెచ్చారు. ఎరుపువి, ఊదావి, నలుపువి, వంకర్లు తిరిగినవి, ఇట్లా వేల రకాలు ఈనాటికీ పండిస్తున్నారు. మన అమ్మమ్మలు కూరగాయలు ఎండబెట్టి ఒరుగులు చేసినట్లు, వీరు దుంపల్ని రాత్రి మంచులో గడ్డకట్టించి, పగలు కాళ్ళతో తొక్కి నీరు తీసి, ఎండలో పెడతారు. ఆ ఒరుగుల పేరు చునో. ఏళ్ళ తరబడి నిలవ ఉంటుంది. పంటలు పోయిన ఏడు ప్రాణాలు నిలిపేది అదే.

రెండోనాడు 4,215 మీటర్ల కనుమ దాటాలి. ఈ బాటలో అన్నిటికంటె ఎత్తయిన చోటు అదే. పది అడుగులు వేయటం, ఆగటం. మళ్ళీ పది అడుగులు. దాటిన తరవాత దిగుడు, మళ్ళీ ఎక్కుడు. నాలుగోనాడు తెల్లవారుజామున సూర్యద్వారం అనే రాతిగుమ్మం చేరతాం. అక్కడ నిలబడి చూస్తే కింద, మబ్బుల నడుమ, మాచుపిచ్చు! ఆ మాటకు కెచువా భాషలో ముసలికొండ అని అర్థం. 15వ శతాబ్దంలో ఇంకా రాజులు దీన్ని కట్టించారు. సున్నం లేకుండా, రాతికి రాయి అతికినట్లు పేర్చారు. కొండవాలున మెట్లు మెట్లుగా పొలాలు తీర్చారు. నూరేళ్ళు దాటగానే పట్టణం ఖాళీ అయిపోయింది.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు వద్దాం.

1911 జూలై 24. సన్నని వాన. కింద ఉరుబంబా నది ఒడ్డున బింగ్‌హామ్ మకాం వేశాడు. అక్కడ కాపురమున్న మెల్చోర్ ఆర్తియాగా అనే రైతు, "కొండమీద పాతకట్టడాలున్నాయి" అన్నాడు. వానలో రావటానికి ఇష్టపడకపోతే, మామూలు కూలికి మూడు నాలుగింతలు ఇస్తానని బింగ్‌హామ్ ఒప్పించాడు. ఆయన వెంట వచ్చిన పండితులు రామన్నారు. ఒక సార్జంటు మాత్రం తోడు వచ్చాడు. నదిమీద నాలుగు దుంగలు కట్టిన వంతెన. ఆర్తియాగా చెప్పులు లేని కాళ్ళతో నడిచి దాటాడు. బింగ్‌హామ్ చేతులమీద, మోకాళ్ళమీద పాకుతూ దాటాడు!

కొండ ఎక్కేసరికి మధ్యాహ్నమయింది. అక్కడ ఒక గుడిసె, అందులో రైతు కుటుంబాలు! ఇంకాలు కట్టిన మెట్ల పొలాలలోనే వారు పంటలు పండించుకుంటున్నారు. అలసి వచ్చిన అతిథికి చల్లని నీళ్ళూ, ఉడకబెట్టిన చిలగడదుంపలూ ఇచ్చారు. ఆర్తియాగా ఆ రైతులతో కబుర్లు చెబుతూ కూర్చున్నాడు. వారు ఒక చిన్న కుర్రవాణ్ణి బింగ్‌హామ్ వెంట పంపారు. వాడు ముందు నడిచాడు. తీగలూ పొదలూ తప్పించుకుంటూ తనకు రోజూ అలవాటైన దారిలో ఆయనను తీసుకుపోయి, ఆ రాతిగోడల ముందు నిలబెట్టాడు.

లోకం "బింగ్‌హామ్ కనిపెట్టాడు" అన్నది. నేనూ తరగతిలో అదే అన్నాను. ఆయన ఆ సంగతంతా చక్కగా పుస్తకంలో వ్రాశాడు. కుర్రవాణ్ణి పంపారని కూడా వ్రాశాడు. కాని ఆ చోట వాడి పేరు వ్రాయలేదు. అంతకు ముందే, 1902లో, అగస్తీన్ లిజర్రాగా అనే ఆ ప్రాంతపు రైతు అక్కడికి వచ్చి గోడమీద తన పేరు వ్రాసిపోయాడు.

బింగ్‌హామ్ చేసిన పని చిన్నదని నేననను. కొలతలు వేసి, ఛాయాచిత్రాలు తీసి, మాచుపిచ్చును లోకానికి తెలియజెప్పినవాడు ఆయనే. అక్కడ తవ్విన వస్తువులను మాత్రం అమెరికాకు పట్టుకుపోయాడు. నూరేళ్ళు గడిచాక, 2011, 2012లలో అవి తిరిగి పెరూ చేరాయి. తెలియజెప్పటం వేరు, కనిపెట్టటం వేరు. ఒకరి పెరడును మనం కొత్తగా చూచినంత మాత్రాన కనిపెట్టినట్లు కాదు.

ఇక కుస్కోకు తిరిగివచ్చి, తూర్పువైపు అడవిలోకి దిగుదాం. కొండలు దిగుతూంటే వెయ్యి మీటర్లకు సుమారు 6 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది. ఉదయం ఉన్నిబట్టలు తొడిగిన మనం సాయంత్రానికి చెమటలు కక్కుతాం. మొదట మబ్బుల అడవి. చెట్లకు నాచు గడ్డంలా వేలాడుతుంది. తెల్లవారగానే పెరూ జాతీయపక్షి మగవి, ఎర్రనారింజ రంగువి, గుంపుగా చేరి ఎగిరి గంతులేస్తాయి. ఇంకా కిందికి దిగి పడవ ఎక్కితే మాను జాతీయవనం. దీన్ని 1973లో ఏర్పరచారు. వెయ్యికి పైగా పక్షిజాతులు ఇందులో ఉన్నాయి. ఏటిగట్టున పెద్ద పెద్ద రంగుల చిలుకలు బారులు తీరి మట్టి తింటాయి! వాటి తిండిలో ఉప్పు తక్కువ. ఆ మట్టిలో అది దొరుకుతుంది.

ఒకచోట పడవ నడిపేవాడు, "ఇక ముందుకు పోరాదు" అంటాడు. అక్కడినుంచి లోపల బయటివారితో కలవటానికి ఇష్టపడని అడవిజనం ఉన్నారు. మనకు రెండు రోజుల్లో తగ్గే జలుబు వారి ప్రాణం తీయగలదు. అందుచేత మనం తిరిగిపోతాం.

ఈ తూర్పు వాలులలోనే సింకోనా చెట్టు పెరుగుతుంది. పెరూ దేశపు రాజచిహ్నంలో దాని బొమ్మ ఉన్నది. దాని చేదు బెరడులోనుంచే మలేరియా జ్వరానికి మందు, క్వినైన్, వచ్చింది. మలేరియా క్రిమి దోమ కడుపులో ఉన్నదని 1897లో మన సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ కనుక్కున్నాడని మీరు చదివే ఉంటారు. ఆ జ్వరానికి మందిచ్చిన చెట్టు ఇదే. అప్పట్లో ఈ విత్తనాలు దేశం దాటరాదని ఆంక్ష ఉండేది. పొరుగున బొలీవియాలో మాన్యుయల్ మమాని అనే ఆదివాసి మంచి చెట్టు ఏదో చూడగానే చెప్పగలిగేవాడు. మంచుకు పూత మాడిపోతే ఏళ్ళ తరబడి కాచుకుని, 1865లో మేలురకం విత్తనాలు తెచ్చి ఛార్లెస్ లెడ్జర్ అనే ఆంగ్లేయ వర్తకుడికి ఇచ్చాడు. అవి జావా ద్వీపం చేరి, లోకానికి క్వినైన్ ఇచ్చాయి. విత్తనాలు చాటుగా బయటికి పోవటం ఆ దేశానికి నష్టమే. కాని ఆ శిక్ష ఎవరికి పడింది? మమానిని పట్టి ఖైదులో పెట్టి కొట్టారు. ఆ దెబ్బలతోనే కొద్దికాలానికి చనిపోయాడు. చెట్టుకు మాత్రం లెడ్జర్ పేరు పెట్టారు!

పిల్లలూ, ప్రయాణం ముగిసింది. ఇక పంతులునన్న మాట నిలబెట్టుకోవాలి గనుక ఒక చిన్న ఇంటిపని ఇస్తాను. ఈసారి మీరు బడినుంచి ఏ కొండకో, కోటకో, నల్లమల అడవికో విహారయాత్ర వెళ్ళినప్పుడు, మీకు దారి చూపినవారి పేరు అడగండి. చెంచు తాత కావచ్చు, మేకలు కాచే అబ్బాయి కావచ్చు. మీ వ్యాసంలో మొదటి వాక్యంలోనే ఆ పేరు వ్రాయండి. వ్రాయకపోతే నేను మార్కులు తగ్గించేవాణ్ణి సుమా!