సరకుల వీడియోలలో మాట స్పష్టముగా పట్టు విధము

మన సంఘముల బియ్యము, పసుపు, మిరపపొడి నేడు సంచిపై సొంత మార్కుతో పట్టణమునకు పోవుచున్నవి. ఆ మార్కును కొనువారికి ఎఱిగించుటకై చిన్న వీడియోలు తీయించుట వాడుకయైనది. బొమ్మకు ఖర్చుపెట్టుదురు గాని మాటను ఎవరును పట్టించుకొనరు. ఈ మధ్య మేము చూచిన యొక వీడియోలో రైతు కిలో ధర చెప్పుచుండగా వెనుక ఆటో హారను మ్రోగినది. నూటయాఱో, నూటయిరువదియాఱో తెలియలేదు. తక్కువగా విన్నవాడు దుకాణములో తగవు పెట్టుకొనును. ఏమియు వినబడనివాడు సంచి ముట్టడు. వ్యయమైనది మాత్రము సభ్యుల సొమ్ము.

చార్మినారు కనబడవలెనని పలువురు హైదరాబాదు పాతబస్తీకి పోయి తీయింతురు. అచ్చటినుండి లాడ్ బజారు మీదుగా పడమరగా నడిచినచో 1892లో కట్టిన మహబూబ్ చౌక్ గడియారపు గోపురము, దాని కావల హుస్సేనీ ఆలం. ఈ పనికి ఇంతకంటె కఠినమైన చోటు అరుదు. వీథులిఱుకు, రాతిగోడలకును గచ్చు గోడలకును తగిలిన హారను మోత తిరిగి తిరిగి వచ్చును. (లాడ్ బజారు గాజులకు మూలమైన లక్క మోదుగ, రేగు చెట్లపై బ్రదుకు పురుగు విడుచునది. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. పేరు నిలుపుకొను పని మన కొక్కరికే కాదు.)

ఇట్టిచోట మొదటి సూత్రము దగ్గఱదనము. మైకు నోటికి సగము దూరమునకు జరిగిన, చేరు శబ్దబలము నాలుగు రెట్లగును. ఎనిమిదడుగుల దూరముననున్న కెమెరా మైకుకు మాఱుగా అరయడుగు దూరమున మైకు పెట్టినచో మాట 256 రెట్లు బలముగా అందును. వీథి మోత మాత్రము ఉన్నంతే యుండును. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాట పట్టినప్పుడు మైకే లేదు. ఆమె కొమ్మువంటి బూరలో పాడవలసివచ్చెను. విద్యుత్ మైకులు 1925 ప్రాంతమున వచ్చినవి గాని దూరపు లెక్క మాఱలేదు.

కాలరుకు తగిలించు చిన్న మైకు లేనిచో, రెండవ ఫోనును చొక్కా జేబులో మైకు రంధ్రము పైకి వచ్చునట్లు ఉంచి రికార్డు చేయవచ్చును. మొదట కెమెరా ఎదుట ఒక చప్పట్లు కొట్టిన, తరువాత బొమ్మను మాటను జత కలుపుట సులువు. కండువా క్రిందగాని, పైట మడతలోగాని మైకు దాచరాదు. స, ష, చ వంటి అక్షరముల సన్నని ధ్వనిని గుడ్డ మ్రింగును. అప్పుడు పసుపు అన్నమాటయే పోల్చలేము. చేతులు త్రిప్పి మాటలాడు స్త్రీలు గాజులు తీసియుంచుట మంచిది.

రెండవది వేళ. ఆ బజారులో దుకాణములు ప్రొద్దెక్కినగాని తెఱవబడవు గనుక ఉదయమే పని ముగింపవలెను. మక్కా మసీదు ఆజాను వినబడునప్పుడు ఆపవలెను. అది మర్యాద, అంతేకాక వెనుక సాగుచున్న ధ్వనిపై మాటలను కత్తిరించి అతికిన ప్రతి అతుకును చెవికి తెలియును. మోతను తరువాత యంత్రముతో తీసివేయింతుమనువారు కలరు. కొంత తీయవచ్చును గాని, రాళ్లు కలిసిన బియ్యమును చెఱిగినట్లు దానితో మంచి గింజయు పోవును.

వీథిలో బొమ్మ మాత్రమే తీసి, మాటను ఊరిలో సంఘపు గిడ్డంగిలో పట్టుట అన్నిటికంటె చౌక. ధాన్యపు బస్తాలు ప్రతిధ్వనిని పీల్చుకొనును. ఖాళీ హాలు, రేకుల కప్పు పనికిరావు. పంకా, ఫ్రిజ్ ఆపవలెను. అందఱును కదలక అరనిమిషము ఊరకుండి ఆ గది నిశ్శబ్దమును గూడ రికార్డు చేసికొన్నచో అతుకుల నడుమ నింపుటకు వచ్చును. అచ్చటనుండి లేవకముందే చౌక ఫోను స్పీకరుపై ఒకసారి వేసి, ధర తెలియని సభ్యునొకనిని పిలిచి, ఏమి వినబడినదో చెప్పుమనవలెను.