అమ్మానాన్నలకూ బడిలో చోటు

హైదరాబాద్‌లో కోఠికీ అఫ్జల్‌గంజ్‌కూ నడుమ ఉన్న గౌలిగూడ ఒకే భాష వినిపించే పేట కాదు. తెలుగు కుటుంబాలతో పాటు మరాఠీ, ఉర్దూ, హిందీ, మార్వాడీ మాట్లాడేవారూ, గురుద్వారా పరిసరాల్లో పంజాబీ మాట్లాడేవారూ అక్కడ ఇరుగుపొరుగుగా బతుకుతున్నారు. ఇటువంటి చోట ఒకటో తరగతి పిల్లలకు ఇంటి దగ్గర చదువులో తోడు నిలిచేదెవరన్నది తల్లిదండ్రుల శ్రద్ధ ఒక్కదానితో తేలే విషయం కాదు. తెలంగాణలో 2018లో వచ్చిన చట్టం ఏ సిలబస్ పాఠశాలలోనైనా తెలుగు బోధన తప్పనిసరి చేసింది గనుక, మరాఠీ ఇంటి పిల్లవాడు తన తల్లికి రాని లిపిలో అక్షరాలు దిద్దుతాడు. 2022–23 విద్యా సంవత్సరం నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశించినందువల్ల, తెలుగు మాత్రమే చదవగలిగిన తండ్రికి కూడికలూ తీసివేతలూ నోటికి వచ్చినా కూతురి పుస్తకంలోని ఇంగ్లీషు ప్రశ్న అర్థం కాదు. ఈ రెండిళ్లలోనూ తెలివికి కొరత లేదు, బడి భాషే ఇంటికి కొత్త. ఇక 2011 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాద్ జిల్లా మహిళల్లో అక్షరాస్యత సుమారు 79 శాతమే, అంటే ఏ లిపీ చదవలేని తల్లులూ ఈ నగరంలో తక్కువేమీ కాదు.

తల్లిదండ్రులూ పిల్లలూ ఒకే చోట కలిసి నేర్చుకునే పద్ధతిని విద్యావేత్తలు ‘కుటుంబ అక్షరాస్యత’ అంటారు. పెద్దలకు కొంతసేపు విడిగా బోధన, పిల్లలకు వారి తరగతి, ఆ తరువాత ఇద్దరూ కూర్చుని ఒకే పుస్తకం చదవడమో, ఒకే లెక్క చేయడమో ఈ పద్ధతిలో ముఖ్యం. దీని ఫలితం ఎంతన్నది మన దేశంలోనే పరిశీలించారు. బీహార్, రాజస్థాన్ పల్లెల్లో కొందరు తల్లులకు అక్షరాస్యత తరగతులు నడిపి, మరికొందరికి ఇంట్లో పిల్లల చేత చేయించదగిన అభ్యాసాలు నేర్పి, ఇంకొందరికి రెండూ అందించి చేసిన అధ్యయనాన్ని రుక్మిణి బెనర్జీ, జేమ్స్ బెర్రీ, మార్క్ షాట్‌లాండ్ 2017లో ప్రచురించారు. మూడు విధానాల్లోనూ పిల్లల గణితం కొద్దిగానైనా కచ్చితంగా మెరుగుపడింది. తల్లుల చదువూ లెక్కలూ కూడా మెరుగుపడ్డాయి. పిల్లల చదువులో వారి జోక్యం పెరిగింది. ఫలితం కొద్దిపాటిదే కదా అని తీసిపారేయడం తగదు, ఎందుకంటే ఒకే ప్రయత్నంతో రెండు తరాలు నేర్చుకునే అవకాశం విద్యారంగంలో అరుదు.

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలకు ఇందుకు పనికివచ్చే సాధనం ఒకటి ఇప్పటికే చేతిలో ఉంది. ఇంగ్లీషు మాధ్యమంతో పాటు వచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో అదే పాఠం ఇంగ్లీషులో ఉంటుంది. ఈ ఏర్పాటు పిల్లల కోసం చేసినదే అయినా, తెలుగు వచ్చిన తల్లి ఒక పేజీ చదివి వినిపిస్తే, ఎదురు పేజీని బిడ్డ చదివి ఆమెకు చెప్పగలుగుతుంది, అప్పుడు ఇద్దరిలో ఎవరూ పూర్తిగా గురువు కారు, ఎవరూ పూర్తిగా శిష్యులు కారు. వయోజన విద్యాకేంద్రానికి వెళ్లడానికి బిడియపడే పెద్దలు కూడా బిడ్డ పుస్తకం తెరవడానికి వెనకాడరు. అక్షరం రాని తల్లి సైతం పొడుపుకథ విప్పుతూ, సామెత చెబుతూ, కూరగాయల బేరంలో నోటిలెక్క కడుతూ బిడ్డకు ఇచ్చేది చాలా ఉంది. 2022 ఆగస్టులో మొదలైన ‘తొలిమెట్టు’ కార్యక్రమం ప్రాథమిక తరగతుల పిల్లల్లో కోరే ధారాళమైన చదువుకూ, చతుర్విధ ప్రక్రియలకూ పునాది పడేది అటువంటి మాటల్లోనే.

ఇంతటి శక్తి ఉన్న తల్లిదండ్రులను బడి మాత్రం పర్యవేక్షకులుగానే పిలుస్తోంది. 2010లో అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల స్థానాలు తల్లిదండ్రులకు, సగం మహిళలకు కేటాయించింది. 2024లో తెలంగాణలో ఏర్పడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు మరమ్మతులు, తాగునీరు, మరుగుదొడ్ల వంటి పనులు చూశాయి. అదే ఏడాది డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన పాఠశాలలన్నింటా తల్లిదండ్రుల సమావేశాలు జరిపింది. ఇవన్నీ అవసరమైనవే. అయితే సంతకం పెట్టడానికో, ప్రగతి పత్రం చూడడానికో వచ్చిన తల్లి, బిడ్డ పక్కన బల్లపై కూర్చుని పాఠం వినే ఏర్పాటు వీటిలో ప్రధానం కాలేదు. పెద్దలు తమ బతుకుకు సంబంధించిన పాఠాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటారో 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమం చూపింది. అక్కడి తరగతుల్లో మొదలైన చర్చ సారా వ్యతిరేక పోరాటంగా మారి, 1993 అక్టోబరులో సారా నిషేధం దాకా వెళ్లింది.

గౌలిగూడ వంటి చోట సమయమే పెద్ద అడ్డంకి, ఎందుకంటే దుకాణాల్లో, హమాలీ పనుల్లో, ఇళ్లలో పనిచేసే తల్లిదండ్రులు పగటిపూట కూలి వదులుకుని రాలేరు; వారి వీలును బట్టి ఉదయమో సాయంత్రమో వారానికి ఒక గంట కేటాయించడం పాఠశాలకు సాధ్యమే. దగ్గరలోని సుల్తాన్‌బజార్‌లో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం, నిజాం రాజ్యంలో తెలుగు చదువుకు ఆదరణ కరువైన రోజుల్లో ప్రజల పూనికతోనే నిలిచింది. అదే పూనికతో, ఆ వారపు గంటను రాబోయే విద్యా సంవత్సరం ప్రణాళికలో చేర్చమని తమ బడి కమిటీని అడగడానికి తల్లిదండ్రులు ముందుకు రావాలి, ఉపాధ్యాయులు వారికి తరగతి గది తలుపు తెరవాలి.